ఏడు వేసవులు, ఆరు ముసుర్లు: మా నెల్లూరు ఇంటి ఇన్సులేషన్ గురించి

ముందు తీర్పు చెప్పి తరువాత సంగతులు చెబుతాను. 2019 ఫిబ్రవరిలో నెల్లూరు మూలాపేటలోని మా పాత ఇంటి స్లాబు మీద వేడి ఆపే ఇన్సులేషన్ వేయించాం. మరుసటి ఏడాది మా మందుల దుకాణం సరుకు గదికీ చేయించాం. పెట్టిన డబ్బుకు తగిన ఫలితం వచ్చింది. మళ్లీ చేయించాల్సి వస్తే మళ్లీ చేయిస్తాను. అయితే ఆ పని ఎంత బాగా జరిగిందో, ఎక్కడ చెడిందో నాకు మే నెలలో తెలియలేదు, నవంబరులో తెలిసింది. మన ప్రాంతంలో ఈ పని తలపెట్టిన ప్రతి ఒక్కరికీ ఈ మాటే ముందుగా చెప్పాలనిపిస్తుంది.

మా ఇల్లు రెండు కాలాలది. వీధి వైపు మూడు గదులు తాతగారు కట్టించిన మద్రాసు మిద్దె. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన డంగు సున్నంతో దిమ్మిస కొట్టిన ఇటుక జల్లి, అన్నిటి మీద మట్టి బిళ్లలు. మొత్తం మందం అడుగుకు తక్కువ ఉండదు. పెరటి వైపు హాలు, వంటగది, రెండు పడక గదులు 1984లో నాన్నగారు వేయించిన స్లాబు కింద ఉన్నాయి. దాని మందం 5 అంగుళాలు, విస్తీర్ణం 860 చదరపు అడుగులు.

2018 రోహిణీ కార్తెలో ఒక రాత్రి రెండు గంటలకు లేచి చూస్తే అమ్మ మంచం మీద లేదు. ముందు మిద్దె గదిలో వట్టి నేల మీద కొంగు పరుచుకుని పడుకుని ఉంది. "నా గదిలో పైకప్పు ఇంకా పొయ్యి మీది పెనంలానే ఉంది నాయనా" అంది. స్టూలు వేసుకుని పైకప్పుకు అరచెయ్యి ఆనించాను. ఇంకా వేడిగానే తగిలింది. సూర్యుడు అస్తమించి అప్పటికి ఏడు గంటలు దాటింది. ఆ గదిలో ఒకటిన్నర టన్నుల ఏసీ సాయంత్రం నుంచి ఆగకుండా తిరుగుతూనే ఉంది.

స్లాబు ఇంటి బాధంతా ఇదే. కాంక్రీటు పగలంతా ఎండను మింగి, రాత్రంతా కింద పడుకున్న వాళ్ల మీదికి వదులుతుంది. మన ఊరికి ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గోడల మీద పడే ఎండ కన్నా పైకప్పు మీద పడేదే ఎక్కువ. పైగా నైరుతి రుతుపవనం దేశంలో చాలా చోట్ల చల్లబరిచే జూన్‌లో కూడా ఇక్కడ పడమటి గాలి సెగలా కొడుతూనే ఉంటుంది. మన అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి వచ్చేవే.

అంతకు ముందు మూడేళ్లు ప్రతి మార్చిలో స్లాబుకు సున్నం కొట్టించాం. అది తీసిపారేయదగ్గ పని కాదు. చేతిలో డబ్బు లేనివాళ్లు అదైనా చేయాలి. తెల్లగా ఉన్నంత కాలం ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. కానీ ఒక్క ముసురుకు కొట్టుకుపోతుంది, వేసవి ముగిసేలోపు దుమ్ము పట్టి బూడిద రంగుకు మారుతుంది.

చివరికి ఎంచుకున్నది ఎక్స్‌పీఎస్ (ఒక రకం గట్టి నురుగు ప్లాస్టిక్) పలకలు. చూడటానికి థర్మకోల్‌కు అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ గట్టివి, మనిషి నిలబడినా నొక్కుకుపోవు, నీటిని దాదాపుగా పీల్చవు. థర్మకోల్ చవక, అయితే గింజల సందుల్లో నీరు చేరుతుంది కనుక మిద్దె మీదికి వద్దనుకున్నాను. 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ పలక ఆపినంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే ఏడెనిమిది అడుగుల మందం పోయాలి. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి, పైకప్పు నుంచి లోపలికి దిగే వేడికి ఒక హద్దు పెట్టింది. చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ మధ్య ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లు మించకూడదు. మామూలు స్లాబు దానికి ఇంచుమించు మూడింతలు వదులుతుంది. 2 అంగుళాల పలక పరిస్తే హద్దులో సగానికి దిగుతుంది.

పని వరస ఇది. స్లాబు కడిగి, పగుళ్లు పూడ్చి, నీరు దిగని పూత రెండుసార్లు. దాని మీద పలకలు, వాటి మీద ఒక గుడ్డ లాంటి పొర, సన్న జాలీ పరిచి 2 అంగుళాల కాంక్రీటు, చివరికి తెల్ల టైల్స్. మొత్తం చదరపు అడుగుకు 205 రూపాయల చొప్పున పడింది. అందులో పలకల ఖర్చు మూడో వంతు కూడా కాదు. ఈ పనిలో డబ్బంతా నీటిని ఆపడానికీ నీటిని పంపడానికీ పోతుంది. అలాగే పోవాలి కూడా.

పని ఒప్పుకున్న కాంట్రాక్టరు వీధి వైపు మిద్దె మీద కూడా అదే వేసేద్దాం అన్నాడు. మిద్దెకు ఏళ్ల తరబడి మరమ్మతు చేస్తూ వచ్చిన పెద్ద మేస్త్రీని పిలిపించి అడిగాను. ఆయన దూలం చివర గోడలోకి దూరే చోట మేకుతో రెండుసార్లు పొడిచి చూశాడు. "దూలాలు ఇంకా గట్టిగా ఉన్నాయి బాబూ. వీటిని చంపాలనుకుంటే సిమెంటు వేయించండి" అన్నాడు. సున్నం చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది. మీద సిమెంటు బిగిస్తే ఆ చెమ్మకు దారి ఉండదు, అది దూలాల చివర్లకు దిగి కలపను పుచ్చుపట్టిస్తుంది. బరువు లెక్క కూడా వేశాను. 2 అంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకు 10 కిలోలకు పైనే. 300 చదరపు అడుగుల మిద్దెకు 3 టన్నులకు పైనే. అన్నేళ్ల దూలాల మీద 3 టన్నులు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో సున్నం కలిపి, కదిలిన బిళ్లలు మాత్రం తిరిగి వేయించాం. ఆ గదులకు మరే ఇన్సులేషనూ అవసరం లేదు. అంత మందపు ఇటుక, సున్నమే వాటికి కాపు. పాత మిద్దె ఉన్నవాళ్లు దయచేసి దాని మీద ఏ కొత్త సరుకూ వేయించే తొందర పడవద్దు.

వేసవి అద్భుతంగా గడిచింది. ఆ ఆనందంలో అక్టోబరు దాకా ఎవరూ మిద్దె ఎక్కి చూడలేదు.

2019 నవంబరులో మూడు రోజుల ముసురు పట్టింది. నాలుగో రోజు వంటగదిలో, గట్టు మీద, ఉప్పు జాడీ పక్కన చుక్కలు. పైకి వెళ్లి సరిగ్గా ఆ చోటు పైన టైల్స్ చూస్తే ఒక్క సందు లేదు. మామూలు స్లాబు కురిస్తే ఎక్కడ కురుస్తుందో అక్కడే చూస్తే సరిపోతుంది. ఇక్కడ నీరు పలకల కింద ప్రయాణం చేస్తుంది. ఒకచోట దిగి మరోచోట కనబడుతుంది. మా ఇంట్లో దిగిన చోటుకూ కారిన చోటుకూ మధ్య 14 అడుగుల దూరం.

వానలు తగ్గాక పెద్ద మేస్త్రీ మనుషులే పిట్టగోడ వెంట నాలుగు అడుగుల మేర పగలగొట్టారు. టైలు, కాంక్రీటు తీశాక లేత నీలం పలక కనబడింది. దాని అంచు పట్టుకుని లేపితే కింద గ్లాసెడు నీరు చెమ్మగా కాదు, నిలిచి ఉంది. పలక అడుగున అరచెయ్యంత వెడల్పున గుంటలు పడి, చెదలు తిన్న అట్టలా ఉంది. కూలీలు పలకలను అంటించడానికి థిన్నరు కలిసిన జిగురు వాడారు. ఈ సరుకు పెట్రోలుకూ థిన్నరుకూ కరిగిపోతుంది. నీటితో కలిపే జిగురో, పాలిమర్ కలిపిన సిమెంటో వాడాలని ఆ రోజే నాకు తెలిసింది. అంతకన్నా పెద్ద తప్పు మరొకటి. నీరు దిగని పూతను నేల మీద వేసి పిట్టగోడ మొదట్లో ఆపేశారు. అది గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు ఎక్కాలి. నేలా గోడా కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా తిప్పి, దాని మీదుగా పూత పోవాలి. వాన గొట్టం నోట్లోకి కూడా పూత దిగాలి. మా ఇంట్లో ఈ మూడూ జరగలేదు.

పలకలు వేయకముందే స్లాబు మీద మట్టి గట్టు కట్టి 48 గంటలు నీరు నిలిపి చూసి ఉంటే ఇది అప్పుడే బయటపడేది. కాంట్రాక్టరు "పూత పదేళ్లు ఉంటుంది" అన్నాడు, నేను నమ్మి ఊరుకున్నాను. ఆ రెండు రోజులు ఆగకపోవడం వల్ల 38,000 రూపాయలు అదనంగా ఖర్చయ్యాయి. తరువాత అడిగితే ఆయన ఫోను ఎత్తలేదు.

ఎవరూ ముందు చెప్పని మరో సంగతి ఉంది. ఈ పొరలన్నీ కలిసి నేల 5 అంగుళాలు లేస్తుంది. మెట్ల గది గడప మాత్రం పాత ఎత్తులోనే ఉంటుంది. మాకు గడప కన్నా మిద్దె అంగుళం ఎత్తయింది. ఆ ముసురులోనే నీరు తలుపు కిందుగా మెట్ల మీదికి దిగింది. తలుపు చట్రం విప్పి, గడప ఆరు అంగుళాలు లేపించాం. పిట్టగోడ కూడా ఆ మేరకు పొట్టిదవుతుంది. పిల్లలున్న ఇల్లయితే దాన్నీ ఎత్తించాలి. పని మొదలుపెట్టే ముందు టేపు పట్టుకుని గడప, గొట్టాలు, పిట్టగోడ కొలుచుకోండి. నీరు పారే వాటం వాన గొట్టాల వైపు అడుగుకు కనీసం పావు అంగుళం ఉండేలా చూసుకోండి.

ఆ మరమ్మతు తరువాత అసలు పరీక్ష 2021 నవంబరులో వచ్చింది. పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయిన రోజులవి. ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడూ అంతే.

ఇక వేడి సంగతి. దుకాణంలో ఉండే లేజరు థర్మామీటరుతో ఏటా మే మూడో వారంలో సాయంత్రం అయిదింటికి పైకప్పు లోపలి వైపు కొలిచి డైరీలో రాస్తాను. పని చేయించక ముందు 43 డిగ్రీలు. 2019లో 34.5. నిరుడు 35, ఈ ఏడాది కూడా 35. మే నెల కరెంటు 610 యూనిట్ల నుంచి 420కి దిగింది. ఇంట్లో మనుషులు, ఏసీలు మారలేదు. అంకెల కన్నా నేను లెక్కచేసేది మరొకటి. రాత్రి పదకొండుకు ఏసీ ఆపి కిటికీలు తీస్తే అమ్మ తెల్లవారేదాకా తన గదిలోనే, తన మంచం మీదే నిద్రపోతుంది.

కిటికీలు తీయడం ముఖ్యం. బయటి వేడిని రానివ్వని కప్పు లోపలి వేడిని పోనివ్వదు కూడా. వంట సెగ, మనుషుల వేడి, టీవీ వేడి రాత్రికి గదిలోనే నిలుస్తాయి. మొదటి వేసవిలో దోమలకు భయపడి అన్నీ మూసుకున్నాం, ఉక్క పోసింది. జాలీ తలుపులు పెట్టించాక తీరింది. పడమటి గోడ వేడి మాత్రం అలాగే ఉంది. పైకప్పు పని దాన్ని మార్చదు. దానికి వెదురు తట్టి కట్టి పొట్ల తీగ పాకించాం.

దుకాణం వెనక సరుకు గది కథ వేరు. అక్కడ సిమెంటు రేకులు. చాలా మందుల పెట్టెల మీద 30 డిగ్రీలు మించకూడదని రాసి ఉంటుంది, కొన్నిటికి 25. మే నెలలో మధ్యాహ్నం ఆ గది 41 చూపించేది. మనుషుల ప్రాణాల కోసం కొనే సరుకును ఆ వేడిలో పెట్టి అమ్మడం నా మనసుకు ముల్లులా ఉండేది. మొదట రేకుల కింద అల్యూమినియం మెరుపు ఉన్న బుడగల షీటు అంటించాం. రెండు డిగ్రీలు తగ్గింది, అంతే. ఆ మెరుపు పనిచేయాలంటే దానికీ రేకుకూ మధ్య గాలి ఆడే ఎడం ఉండాలి. మాకు రేకుకు ఆనించి కొట్టారు. ఏడాదికి టేపులు ఊడి వేలాడాయి.

2020లో దాన్ని తీసేసి, ఇనుప చట్రం కట్టి, రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార) పలకలు పరిచి కింద బోర్డు సీలింగు వేయించాం. పైన రేకులకు తెల్ల పూత. రాక్‌వూల్ నిప్పుకు కాలదు, మందుల గదికి అది పెద్ద గుణం. పరిచేవాళ్లకు మాత్రం ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పవు, ఒళ్లంతా దురద. పాత సిమెంటు రేకులకు కొత్త రంధ్రాలు పెట్టనివ్వలేదు. వాటిలో ఉండే ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జీవితకాలం వదలదు. చట్రాన్ని గోడలకే బిగించారు.

గది ఇప్పుడు ఏసీ లేకుండా 34, చిన్న ఏసీతో 25 దగ్గర నిలుస్తుంది. ఒక చేదు అనుభవం మిచౌంగ్ రోజుల్లో జరిగింది. ఒక కొక్కెం దగ్గర రబ్బరు వాషరు పగిలి, నీరు రాక్‌వూల్‌లోకి దిగింది. బోర్డు ఉబ్బితే గానీ తెలియలేదు. తడిసిన రాక్‌వూల్ వేడిని ఆపదు, గోనెసంచిలా బరువెక్కి వేలాడుతుంది. నాలుగు పలకలు పారేశాం. అప్పటి నుంచి ప్రతి సెప్టెంబరులో వాషర్లన్నీ చూపిస్తున్నాను. రేకుల పూత మూడేళ్లకు ఒకసారి మళ్లీ వేయాలి. ఇంటి మీది తెల్ల టైల్స్ నల్లబడితే ఎండను తాగడం మొదలుపెడతాయి కనుక ఉగాదికి ముందు, దసరాకు ముందు బ్రష్షుతో కడిగిస్తాను.

ఇంకా మెట్ల గది చిన్న స్లాబు మిగిలి ఉంది. దాని కింద నిలబడితే పాత వేసవులు గుర్తొస్తాయి. వచ్చే ఫిబ్రవరిలో దానికీ వేయిస్తాను. ముసురు తడి పూర్తిగా ఆరి, కాంక్రీటును ఎండ పగలగొట్టని నెల అదొక్కటే. ఈసారి 48 గంటలు నీరు నిలిపి, కింద నిలబడి నేనే చూస్తాను.