తొమ్మిదేళ్లు బీరువాలో, ఐదేళ్లు చేతికి: ఒమేగా సీమాస్టర్ 1120

నాలుగుసార్లు ఊపగానే సెకన్ల ముల్లు కదిలింది. తొమ్మిదేళ్లు బీరువాలో పడి ఉన్న ఆటోమేటిక్ వాచీ అట్ల తిరిగితే, ఇంకా సర్వీసెందుకు, పెట్టుకుంటే అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ తిరగడం వేరు, బాగుండటం వేరు.

వాచీ 2003లో కొన్నది. సీమాస్టర్ 300 మీటర్ల మోడల్, లోపల 1120 మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం). స్విస్ కంపెనీ ఈటీఏ చేసే 2892 ఆధారంగా చేసింది, 23 జ్యువెల్స్ (ఇరుసులు తిరిగే రాళ్లు), గంటకు 28,800 బీట్లు, నిండా కీ ఇస్తే 44 గంటలు నడవాలి. 2011 నుంచి 2020 దాకా నల్లగొండలో పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో ఉంది. ఆ తర్వాత సర్వీసు చేయించి, అప్పటి నుంచి రోజూ చేతికే.

బయటికి తీసిన మొదటి మూడు రోజులు ఫోన్‌లో టైముతో పోల్చితే రోజుకు 3 సెకన్లు ముందు. క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కు కావాల్సింది సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6 లోపు, కాబట్టి లెక్క ప్రకారం పాసే. వాచీ టిక్ టిక్ విని కొలిచే మిషన్, టైమ్‌గ్రాఫర్ మీద పెడితే అసలు సంగతి బయటపడింది. నిండా కీ ఇచ్చి డయల్ పైకి పెడితే ఆంప్లిట్యూడ్, అంటే లోపలి బ్యాలెన్స్ వీల్ ఊగే ఊపు, 258 డిగ్రీలు, నిలబెడితే 214. ఒక రోజు ఆగి మళ్లీ నిలబెట్టి చూస్తే 170. ఆరోగ్యంగా ఉన్న మూవ్‌మెంట్ పడుకోబెట్టినప్పుడు 270 నుంచి 310 మధ్య ఊగాలి, ఒక రోజు గడిచాక నిలబెట్టినా 200కు తగ్గకూడదు. టైము సరిగ్గా చూపిస్తూనే ఊపు ఎట్ల పడిపోతుందంటే, ఊయల చూడండి: గట్టిగా తోసినా, మెల్లగా తోసినా పోయి రావడానికి పట్టే సమయం దాదాపు అంతే. బ్యాలెన్స్ వీల్ కూడా అంతే. అందుకే ఫోన్‌తో పోల్చి నిర్ణయం తీసుకోవద్దు. మిషన్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఊపు లెక్కకట్టడానికి వాడే కోణం, మూవ్‌మెంట్‌ను బట్టి మారుతుంది) మామూలుగా 52 అని ఉంటుంది, మీ మూవ్‌మెంట్‌కు తగ్గ అంకె పెట్టమని అడగండి. లేకపోతే ఆంప్లిట్యూడ్ తప్పు చూపిస్తుంది.

వెనక మూత తీసి ఐ గ్లాసుతో చూస్తే ఇంకా స్పష్టం. బ్యాలెన్స్ ఇరుసు కొనకు మూతలా ఉండే రాయి, క్యాప్ జ్యువెల్‌లో ఆయిల్ గుండ్రటి చుక్కలా మధ్యలో నిలవాలి, రాయి వెడల్పులో సగానికి కాస్త ఎక్కువ. ఇక్కడ చుక్క లేదు, అంచుకు పాకి పల్చని గోధుమ రంగు రింగు మిగిలింది. చెయ్యి కదిలినప్పుడు తిరిగి కీ ఇచ్చే రోటర్ ఇరుసు దగ్గర తుప్పులాంటి ఎర్రటి పొడి, చిటికెలో పదో వంతు కూడా ఉండదు. అది కూర్చున్నందుకు వచ్చింది కాదు, ఆయిల్ లేకుండా ఉక్కు ఉక్కును రాసుకున్నందుకు వచ్చింది. మూలన పెట్టిన వాచీలో లోహం అరగదు. ఆయిల్ పాకుతుంది, చిక్కబడుతుంది, రబ్బరు ముదురుతుంది. అరుగుదల మొదలయ్యేది మనం దాన్ని మళ్లీ చేతికి పెట్టిన రోజునే. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా నిర్ణయం తేలిక.

పాత కాలపు ఆయిల్స్ ఎండి బంకలా పట్టేసేవి, వాచీ ఆగిపోయేది, మనిషి తప్పక మెకానిక్ దగ్గరికి పోయేవాడు. ఇప్పటి సింథటిక్ ఆయిల్ అట్ల ఆపదు. వాచీ నడుస్తూనే ఉంటుంది, లోపల పివట్లు (చక్రాల ఇరుసు కొనలు) అరుగుతూనే ఉంటాయి. పైగా మన దగ్గర మే నెల ఎండకు ఇనుప బీరువా లోపల చెయ్యి పెడితేనే తెలుస్తుంది, వేడికి ఆయిల్ పల్చబడి పక్కకు పాకడం ఇంకా ఎక్కువ.

ఇక గ్యాస్కెట్లు, అంటే నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగులు. ఇందులో బేరమే లేదు. వెనక మూత రింగు చప్పగా నొక్కుకుపోయి, గోరుతో తీస్తే నల్ల జిగురు అంటింది. డయల్ మీద 300 మీటర్లని రాసి ఉన్నా, అది రబ్బరు కొత్తగా ఉన్నప్పటి మాట. ఈ మోడల్‌కు క్రౌన్‌తో (కీ ఇచ్చే మరతో) పాటు 10 గంటల దగ్గర హీలియం వాల్వ్ (లోతు డైవర్ల కోసం లోపల చేరిన గ్యాస్ బయటికి వదిలే మర) కూడా ఉంది, నీళ్లు దూరడానికి అదొక దారి. గ్యాస్కెట్లు మార్చి ప్రెషర్ టెస్ట్ చేయించే దాకా సాగర్‌లో ఈత సంగతి అటుంచి, కుళాయి కింద చేతులు కడిగేటప్పుడు కూడా తీసి పెట్టాలి. లోపల తేమ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు: వాచీని 40, 45 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, గ్లాసు మీద చల్లటి నీటి చుక్క వేసి, నిమిషం తర్వాత తుడవాలి. గ్లాసు లోపలి వైపు మంచు పట్టి ఉంటే తేమ ఉన్నట్టే. అప్పుడు బియ్యం డబ్బాలో పెట్టి వారం ఆగొద్దు. బియ్యం తేమ తీయలేదు, ఆ వారంలో ముళ్లకు, స్ప్రింగులకు తుప్పు పడుతుంది. అదే రోజు మూత తీయించాలి.

ఒమేగా చెప్పే సర్వీసు గడువు 5 నుంచి 8 ఏళ్లు. గత సర్వీసు అయి ఐదేళ్లు దాటకపోతే, ఊరికే మూలన ఉందన్న కారణంతో మూవ్‌మెంట్ విప్పించడం దండగ అని నా అభిప్రాయం. అప్పుడు ఇంటి పరీక్ష చాలు. క్రౌన్ మర విప్పి మెల్లగా 40 చుట్లు కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టి, ఎన్ని గంటలకు ఆగిందో రాసుకోండి. 44కు బదులు 36 దగ్గరే ఆగితే బ్యారెల్ (మెయిన్ స్ప్రింగ్ ఉండే డబ్బా) గోడకు రాసిన గ్రీజు పోయి మెయిన్ స్ప్రింగ్ ముందే జారుతోందనో, ఎక్కడో రాపిడి పెరిగిందనో అర్థం. ముళ్లు తిప్పేటప్పుడు పెద్ద ముల్లు బిగుసుగా, కుదుపులతో కదిలితే ఆ ముల్లును మోసే చిన్న గొట్టం, కానన్ పినియన్ పొడిబారింది. రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతే అది ఆయిల్ సమస్య కాకపోవచ్చు, అయస్కాంతం పట్టి ఉంటుంది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి వాచీని దగ్గరికి తెస్తే దిక్సూచి ముల్లు ఊగుతుంది. అయస్కాంతం పోగొట్టే డీమాగ్నెటైజర్‌తో నిమిషం పని. తేదీ మార్చే ముందు ముళ్లను 6 గంటల దగ్గరికి తెచ్చుకోండి. రాత్రి 8 నుంచి 2 మధ్య తేదీ తిప్పితే తేదీ చక్రం పళ్లు విరగొచ్చు.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర గానీ, పాలమూరు క్లాక్ టవర్ దగ్గర గానీ చెయ్యి తిరిగిన మెకానిక్‌లకు కొదవ లేదు. బెల్టుకు, బ్యాటరీకి, కీ ఇచ్చే హెచ్‌ఎంటీకి వాళ్ల దగ్గరికే పోవాలి. ఇలాంటి వాచీ ఇచ్చే ముందు మాత్రం రెండు ప్రశ్నలు అడగండి: టైమ్‌గ్రాఫర్ ఉందా, ప్రెషర్ టెస్టర్ ఉందా. మూవ్‌మెంట్‌ను విప్పకుండా మొత్తంగా పెట్రోల్‌లో ముంచి తీసి పైపైన ఆయిల్ పెట్టే పద్ధతి ఇంకా ఉంది. అలా చేస్తే మురికి రాళ్ల సందుల్లోనే ఉంటుంది, కొత్త ఆయిల్ దాంతో కలిసి ముద్దవుతుంది.

ఇవి ఉన్న చోటు కోసం హైదరాబాద్ పోయి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద రాయించాల్సినవి: మెయిన్ స్ప్రింగ్ కొత్తది, గ్యాస్కెట్లన్నీ కొత్తవి, పాత పార్టులు తిరిగి ఇవ్వాలి, పాలిష్ వద్దు. పాలిష్ చేస్తే లగ్స్ (బెల్టు తగిలించే కొమ్ములు) అంచులు గుండ్రబడతాయి, పోయిన లోహం తిరిగి రాదు. తీసుకునేటప్పుడు ఆరు పొజిషన్ల టైమింగ్ షీట్ అడగండి, 24 గంటల తర్వాతి ఆంప్లిట్యూడ్ కూడా అందులో ఉండాలి.

సర్వీసైన రోజు పడుకోబెడితే 288, నిలబెడితే 262. ఐదేళ్ల రోజువారీ వాడకం తర్వాత 268, 240. టైము రోజుకు 4 సెకన్లు ముందుండేది ఇప్పుడు 6. రోటర్ చప్పుడు లేదు, చెమట కాలంలో కూడా గ్లాసు లోపల మసక పట్టలేదు. ఆ 170 అంకెతోనే ఈ ఐదేళ్లూ తిప్పి ఉంటే రోటర్ ఇరుసుతో పాటు ఒకటో రెండో చక్రాలు మార్చాల్సి వచ్చేది.

మళ్లీ బీరువాలో పెట్టాల్సి వస్తే డాంబరు గోలీలున్న అరలో వద్దు, పడమటి గోడ వైపు వద్దు, తోలు బెల్టు ఉంటే విప్పి వేరుగా పెట్టాలి. సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, సర్వీసు తేదీ రాసిన చీటీ డబ్బాలోనే ఉంచండి.