బైబిల్ చదువు: సెరంపూర్ దారా, రెండేళ్ల ఎం.ఏ.నా?

కావలి, కందుకూరు, ఒంగోలు వైపు డిగ్రీ అయ్యాక బైబిల్‌ను లోతుగా చదవాలనుకునే పిల్లలు ఉన్నారు. ఇంట్లో ముందు అడిగేది "ఉద్యోగం వస్తుందా?" అని. ఆ టెన్షన్ న్యాయమైనదే. చర్చి సంఘాలు ఇచ్చే జీతం చూసి ఈ చదువుకు ఎవరూ వెళ్లరు, వెళ్లకూడదు కూడా. ఆ సంగతి ఇంట్లో తేల్చుకున్నాకే ఎక్కడ చేరాలో చూసుకోవాలి.

మన వాళ్లకు బాగా తెలిసింది బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ దారి. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో ఆ కాలేజీకి డిగ్రీలిచ్చే హక్కు వచ్చింది. దాని సెనేట్, అంటే డిగ్రీలు చూసే మండలి, కింద నడిచేదే హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ. 1964లో రాజమండ్రిలో మొదలై, 1973లో హైదరాబాదుకు మారింది. రాత్రి నెల్లూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదు. డిగ్రీ చేసినవాళ్లకు బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) నాలుగేళ్లు, పాత నిబంధనలోనో కొత్త నిబంధనలోనో ఎం.టి.హెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) ఇంకో రెండేళ్లు. మొత్తం ఆరేళ్లు. తోటివాళ్లు పెళ్లిళ్లు చేసుకుని ఇళ్లు కట్టుకునే వయసు హాస్టల్లోనే గడిచిపోతుంది.

అయినా నా ఓటు దీనికే, కారణం బైబిల్ మూలభాషలు గ్రీకు, హీబ్రూ. ఎం.టి.హెచ్.లో పాత నిబంధన తీసుకున్నవాళ్లకు హీబ్రూ, కొత్త నిబంధన తీసుకున్నవాళ్లకు గ్రీకు తప్పదు. మార్కు సువార్త చివర 16వ అధ్యాయం 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ చేతిరాత ప్రతుల్లో లేవు. ఈ మాట తొలిసారి విన్నవాళ్లు ఉలిక్కిపడతారు. యూట్యూబులో వింటే విశ్వాసమో, చదువో ఏదో ఒకటి వదిలేయాలనిపిస్తుంది. క్లాసులో ప్రతులను పక్కపక్కన పెట్టి, తెలిసిన అయ్యవారి దగ్గర ఏడాది పాటు కుస్తీ పడితే రెండూ నిలబడతాయి. ఆ తర్వాత ఊరి సంఘంలో దాన్ని ఎంతవరకు చెప్పాలన్నది వేరే పరీక్ష, దానికి సిలబస్ లేదు.

రెండో దారి మద్రాసు యూనివర్సిటీ క్రైస్తవ అధ్యయనాల శాఖలో ఎం.ఏ., రెండేళ్లు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. పాస్టరు కావాలన్న నియమం లేదు, చేతికొచ్చేది యూనివర్సిటీ పట్టా. ఇక్కడ బైబిల్ ఒక్కటే కాదు, చరిత్ర, సమాజం కూడా చదువుతారు. మన జిల్లా పిల్లలకు ఇది మంచి అవకాశం. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాని వెనక 1876-78 నాటి ధాత కరువు ఉంది, ఆ కరువులో కూలి దొరికిన బకింగ్‌హామ్ కాలువ పని ఉంది, అంతకుముందే ఊరూరా తిరిగి బోధించిన ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. దీనిమీద పరిశోధన చేయాలనుకునేవాళ్లకు మద్రాసే మేలు. కానీ యెషయా గ్రంథాన్ని హీబ్రూలో చదవాలనుకుంటే ఈ రెండేళ్లు చాలవు.

మూడోది, ఆసియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపున్న సెమినరీల్లో (పాస్టర్లను తయారుచేసే కాలేజీల్లో) ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) లేదా ఎం.ఏ. బోధన బాగున్న చోట్లు ఉన్నాయి, వాక్యం మీద పట్టు వస్తుంది. కాకపోతే ఆ అసోసియేషన్ యూనివర్సిటీ కాదు. రేపు ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్ పోస్టుకు ఆ పట్టా చూపిద్దామంటే కుదరదు. ఇంట్లో కూర్చుని ఫోన్లోనే చేసే "డాక్టరేట్ల" గురించి నేను మాట్లాడను, ఫ్లెక్సీల మీద చూస్తూనే ఉన్నాం.

సంఘకాపరిగా అభిషేకం కోరుకునేవాళ్లు ఫీజు కట్టకముందే తమ సంఘ పెద్దలను కలిసి, ఏ పట్టాను ఒప్పుకుంటారో అడగాలి. మన బాప్టిస్టు సంఘాల్లో రామాయపట్నం సెమినరీలో చదివిన పాస్టర్లు చాలామందే ఉన్నారు, ముందు వాళ్లతో మాట్లాడితే మంచిది. కాలేజీకి వెళ్లినప్పుడు బిల్డింగు కాదు, లైబ్రరీ చూడండి. గ్రీకు ఎవరు చెబుతారు, ఆయన అక్కడే ఉంటారా, వారానికోసారి వచ్చిపోతారా అని అడగండి.