కారవాన్ పైకప్పు ఫ్యాను: డెల్టా ఉప్పుగాలిలో కొన్నేళ్ల వాడకం తరువాత

ట్రావెలర్ వ్యానును కారవాన్‌గా మార్పించుకొని అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు తరచూ తిరిగే మాకు, పైకప్పులో 14 అంగుళాల చదరపు రంధ్రంలో అమరే 12 వోల్టుల ఫ్యాను కొన్నేళ్లుగా సేవ చేస్తోంది. ఫ్యానుపై పెద్ద ఫిర్యాదు లేదు. చేపల పులుసు కాచిన ఆవిరిని త్వరగానే బయటకు తోడేస్తుంది. వేగం తగ్గిస్తే నిద్రకు అడ్డురాదు. అయితే మే నెల ఉక్కపోతలో దాని నుంచి చల్లదనం ఆశించకూడదు, ఎందుకంటే బయటి గాలే తేమతో బరువెక్కి ఉన్నప్పుడు లోపలికి వచ్చేదీ ఆ గాలే. అవతలి కొసన ఒక కిటికీ తెరిచి ఉంచకపోతే ఆ మాత్రం ప్రయోజనం కూడా దక్కదు.

కొనేవారు రెక్కల గురించీ, రిమోటు గురించీ అడుగుతారు గానీ, ఈ ప్రాంతంలో ఫ్యాను పనితీరును నిర్ణయించేది వైరింగే. వ్యానును మార్చిన వర్క్‌షాపువారు 1 చదరపు మిల్లీమీటరు మామూలు రాగి వైరు వేసి, నెగటివ్ కొసను దగ్గర్లోని బాడీ రేకుకే స్క్రూతో బిగించారు. వానాకాలం దాటేసరికి ఫ్యాను పూర్తి వేగం అందుకోవడం మానేసింది. టేపు విప్పి చూస్తే పోగులు పచ్చగా చిలుము పట్టి, గోటితో కదిపితే తెగిపోయేలా ఉన్నాయి. స్క్రూ చుట్టూ పెయింటు ఉబ్బి, కింద తుప్పు పొడిగా రాలింది.

లెక్క చూసినా ఆ వైరు చాలదు. బ్యాటరీ నుంచి ఫ్యానుకు 6 మీటర్లయితే రానూపోనూ 12 మీటర్లు. పూర్తి వేగంలో 4 ఆంపియర్లు లాగే ఫ్యానుకు 1 చదరపు మిల్లీమీటరు వైరులో దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది, 2.5 వైరులో 0.4 వోల్టుతో సరిపోతుంది. ఇదంతా కొత్త వైరు లెక్క. చిలుము పట్టిన జాయింటు ఎంత మింగుతుందో ఏ పట్టికా చెప్పదు.

అందుకే కళాయి పూసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించి, పాజిటివ్‌తో పాటు నెగటివ్‌నూ నేరుగా బ్యాటరీ దాకా తెప్పించాము. జాయింట్లను లగ్గులతో (వైరు కొసకు తొడిగే లోహపు ముక్కలతో) నొక్కించి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకొని బిగిసేది) తొడిగించాము. రేకు అంచు దాటే చోట వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రంధ్రానికి తొడిగే వలయం) తప్పనిసరి. ఫ్యూజును, మా ఫ్యాను పుస్తకం చెప్పినట్టు 7.5 ఆంపియర్లది, బ్యాటరీకి ఆనుకొని పెట్టించాము. వైరు ఎక్కడైనా ఒరుసుకొని రేకుకు తగిలితే, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యనున్న భాగాన్ని కాపాడేది ఏదీ ఉండదు గదా. పైకప్పు మీద ఫ్యాను చుట్టూ నీరు దిగకుండా పూసిన సీలెంటును మాత్రం ఏటా వానలకు ముందు చూసుకుంటే చాలు.

తక్కువ వేగంలో ఈ ఫ్యాను ఒక ఆంపియరు కూడా లాగదు కనుక, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి రాత్రంతా నడిపినా భారం కాదు. వాన పడితే మూతను తానే మూసే సెన్సరు మెచ్చుకోదగినదే గానీ, దానికి నిరంతరం కరెంటు అందాలి. మెయిన్ స్విచ్ ఆపితే తెరిచిన మూత తెరిచినట్టే ఉండిపోతుంది. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో బండిని నిలిపి ఉంచేటప్పుడు మూత మూసుకున్నదని కళ్లతో చూశాకే మేము ఆ స్విచ్ ఆపుతున్నాము.