సోఫా కమ్ బెడ్డా, మడత మంచమా?

చిన్న ఇంట్లో చుట్టాలు వస్తున్నారంటే మొదటి టెన్షన్ పడక గురించే. నన్నడిగితే మడత మంచమే మేలంటాను.

సోఫా కమ్ బెడ్ పగలు కూర్చోవడానికీ పనికొస్తుంది, రాత్రి ఇద్దరు పడుకోవచ్చు. కానీ దాన్ని తెరిచినప్పుడు ముందున్న టీపాయ్ ఎక్కడ పెడతారు? కొనేముందు దాని పూర్తి కొలతకు నేల మీద పాత పేపర్లు పరిచి చూడండి. పక్కన కనీసం 2 అడుగుల దారి మిగలాలి, రాత్రి బాత్‌రూమ్‌కి లేచేవాళ్లుంటారు కదా. ఇంకోటి, చాలా రకాల్లో సీటూ వీపూ కలిసే చోట ఒక గాడి ఉంటుంది. అది సరిగ్గా నడుము కిందికొస్తే పెద్దవాళ్లకు తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. పైన మందపాటి బొంత వేస్తే కాస్త నయం.

మడత మంచం ఒక్కరికే సరిపోతుంది, నిజమే. అయితే పని అయ్యాక తలుపు వెనకో బీరువా పక్కనో నిలబెట్టేయొచ్చు. కొనేటప్పుడు మధ్యలో కూడా కాళ్లున్నాయో లేదో చూడండి; లేకపోతే కొన్నాళ్లకు ఉయ్యాలలా కుంగుతుంది. మడత దగ్గర వేళ్లు నలగకుండా లాక్ ఉండాలి, పిల్లలున్న ఇంట్లో మరీ ముఖ్యం.

ఇంట్లో ఇంకా సోఫాయే లేకపోతే మాత్రం మొదటిదే తీసుకోండి.