చెక్క బ్యాటా, అల్యూమినియం బ్యాటా: రెండూ కొన్నాక చెప్తున్నా

మా పర్లాకిమిడి వైపు బేస్‌బాల్ బ్యాట్ కావాలంటే షాపువాళ్లు మొదట అడిగేది "కారులో పెట్టుకోడానికా?" అని. తిరకాసంతా అక్కడే ఉంది. మా గుంటడు స్కూల్ టీంలో చేరాడని బరంపురం వెళ్లినప్పుడు ఓ షాపులో 850 రూపాయలకి చెక్క బ్యాట్ తెచ్చాను, మూడో రోజే పిడి దగ్గర విరిగింది. విరిగిన ముక్క చూస్తే చారలు పిడి వెంట నిలువుగా లేవు, ఏటవాలుగా పక్కకి పోయాయి. ఎవడినైనా బెదిరించడానికి పనికొచ్చే కర్రే గానీ బంతికి ఆగేది కాదు.

తర్వాత ఆన్‌లైన్‌లో 32 అంగుళాల అల్యూమినియం బ్యాట్ 1,900కి, ఆడటానికే యాష్ అనే చెట్టు చెక్కతో చేసిన బ్యాట్ 3,200కి తెప్పించాను. ఇంట్లో ఎన్ని మాటలు పడ్డానో అడక్కండి.

అల్యూమినియంది లోపల బోలు. బంతి తగిలినప్పుడు ఆ పల్చటి గోడ కాస్త లోపలికి వెళ్లి మళ్లీ తన్నుకొస్తుంది, అందుకే సరిగ్గా తగలని బంతి కూడా దూరం పోతుంది, మావాడు రెండ్రోజుల్లో పెద్ద మొనగాడైపోయాననుకున్నాడు. చెక్క బ్యాట్ పట్టుకున్నాక పొగరు దిగింది. పిడి దగ్గరగా తగిలితే చాలు, అరచేతుల్లోంచి మోచేతుల దాకా జివ్వుమంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో మనం చెప్పక్కర్లేదు. అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఇప్పటికీ చెక్కవే, కాలేజీ ఆటల్లో 1974 నుంచి అల్యూమినియం ఒప్పుకున్నారు గానీ బంతి మరీ వేగంగా వస్తోందని 2011లో ఆ తన్నుడుకి కళ్లెం వేశారు.

అల్యూమినియం విరగదు గానీ సొట్టపడుతుంది. వీధిలో పిల్లలు దాంతో క్రికెట్ బంతిని కొట్టారు, బొటనవేలంత గుంట. క్రికెట్ బంతి 156 గ్రాములకి తగ్గదు, బేస్‌బాల్ 149 దాటదు, తేడా అక్కడే తెలిసిపోయింది. 1979లో పెర్త్‌లో క్రికెట్ టెస్ట్‌లో ఆస్ట్రేలియా బౌలర్ డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగితే బంతి పాడవుతోందని ఇంగ్లండ్ కెప్టెన్ గొడవపెట్టాడు, మా ఇంట్లో రివర్స్. ఇంకోటి, 'ఠంగ్'మనే ఆ మోతకి మధ్యాహ్నం పడుకునే పక్కింటి పెద్దాయన మాతో మాటలు మానేశారు.

ఇప్పుడు మ్యాచ్‌లకి అల్యూమినియం, ప్రాక్టీస్‌కి చెక్క. ఒక్కటే కొనగలిగితే, నేర్చుకునే పిల్లలకి అల్యూమినియమే నయం. చెక్కది కొంటే మాత్రం కొట్టేటప్పుడు కంపెనీ ముద్ర ఆకాశం వైపు ఉండాలని చెప్పండి. ముద్ర మీదే బంతి తగిలిందా, 3,200 గోవిందా.