జనరేటర్ పక్కన పెట్టేముందు: పెట్రోల్ తీసేయాలా, ఉంచాలా?

కరెంటు కోతల కాలం దాటాక పెట్రోల్ జనరేటర్‌ను మూలన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేయాలా, లేక ఫ్యూయల్ స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా పాడవకుండా కలిపే మందు) కలిపి నిండుగా ఉంచాలా అని చాలామంది అడుగుతున్నారు. మొన్ననే నా జనరేటర్ కూడా సర్దిపెట్టాను కాబట్టి రాస్తున్నాను.

రెండు మూడు నెలల దాకా దానితో పని లేదనుకుంటే ఖాళీ చేయడమే మేలని నా అభిప్రాయం. కానీ అందరూ ట్యాంకు గురించే ఆలోచిస్తారు. తేల్చేది మాత్రం కార్బొరేటర్, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం.

దాని కింద గిన్నెలాంటి బౌల్ ఉంటుంది. ఇంజిన్ ఆపాక అందులో మిగిలే పెట్రోల్ కొంచెమే. అది మెల్లగా ఆవిరైపోతూ బంకలా మారి జెట్‌ను, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రమున్న ముక్కను, పట్టేస్తుంది. ఒకసారి ఆరు నెలలు అలాగే వదిలేశాను. కరెంటు పోయిన రాత్రి తాడు లాగి లాగి భుజం పట్టేసింది తప్ప ఇంజిన్ కదల్లేదు. తెల్లారాక జెట్ విప్పి వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే అవతలి వెలుతురు కనబడలేదు. సూదిమొనంత రంధ్రం పూర్తిగా పూడుకుపోయింది. బౌల్ అడుగున పచ్చటి జిగట పొర, ముక్కు పగిలే వార్నిష్ వాసన.

అందుకే ట్యాంకు ఖాళీ చేసినా చేయకపోయినా బౌల్ మాత్రం ఖాళీ చేయండి. పెట్రోల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ వదిలే కుళాయి) కట్టేసి ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపితే సగం పని అవుతుంది. అప్పటికీ అడుగున కాస్త మిగులుతుంది. ఇంజిన్ చల్లారాక డ్రెయిన్ స్క్రూ వదులు చేసి దాన్ని కూడా దించేయాలి.

స్టెబిలైజర్‌ను తీసిపారేయలేం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట నిండు ట్యాంకు ధైర్యమే వేరు. ట్యాంకులో గాలి తక్కువ ఉంటుంది కాబట్టి తేమ చేరడం, రేకు తుప్పు పట్టడం కూడా తగ్గుతాయి. అయితే దాన్ని తాజా పెట్రోల్‌లోనే కలపాలి. పాడైన పెట్రోల్‌ను అది బాగుచేయలేదు. కలిపాక ఓ పది నిమిషాలు నడపాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను లాగేసుకుంటుంది, కాబట్టి స్టెబిలైజర్ ఉంది కదా అని ఏళ్లతరబడి ఉంచకూడదు.

నెలకోసారి లోడ్ పెట్టి (ఫ్యాన్లు, లైట్ల లాంటివి తగిలించి) ఇరవై నిమిషాలు నడపడం కూడా మంచిదే, మరిచిపోకుండా చేసేవాళ్లకు. నడిపేది ఆరుబయటే, కిటికీలకు దూరంగా. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, గ్యారేజీ తలుపు తెరిచినంత మాత్రాన అది పోదు.

ఖాళీ చేసేవాళ్లు రేకు ట్యాంకయితే లోపల తడి లేకుండా చూసుకోండి. ఆయిల్ మార్చి, స్పార్క్ ప్లగ్గు తీసి, సిలిండర్‌లో చెంచాడు కొత్త ఇంజిన్ ఆయిల్ పోసి, రెండుసార్లు తాడు మెల్లగా లాగండి. ప్లగ్గు మళ్లీ బిగించాక ఇంకోసారి లాగి, తాడు బిగుసుకున్నట్టు అనిపించిన చోట ఆపేయండి. అక్కడ వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, లోపలికి తేమ పోదు.