సంచుల కటింగ్ మెషిన్: వేడి బ్లేడా, చల్లని బ్లేడా? ఏది మేలు?

నేసిన పాలీప్రొపిలీన్ సంచుల యూనిట్ పెట్టేవాళ్లు కటింగ్ మెషిన్ చూడటానికి వెళ్తే మొదట అడిగేది "నిమిషానికి ఎన్ని కోస్తుంది?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న కావాలి. మొదటిది, సంచి మూతిని ఏం చేయబోతున్నారు? మడిచి కుడతారా, కోసింది కోసినట్టే వదిలేస్తారా? రెండోది, గుడ్డకు లామినేషన్, అంటే పైన పల్చని ప్లాస్టిక్ పూత, ఉందా, లేదా? ఈ రెండూ తేల్చుకుంటే ఏ మెషిన్ కొనాలో సగానికి పైగా తేలిపోయినట్టే.

కారణం గుడ్డలోనే ఉంది. లూమ్ (మగ్గం) మీద నేసిన టేపులు, అంటే సన్నని ప్లాస్టిక్ పట్టీలు, ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, అల్లిక బిగువు మీదే నిలబడతాయి. పైగా ఈ టేపు నున్నగా, చదునుగా ఉంటుంది. కోసిన అంచు దగ్గర దానికి పట్టు దొరకదు, కాస్త లాగితే అడ్డ టేపులు ఒక్కొక్కటే జారిపోతాయి. సంచి అడుగును ఎలాగూ మడిచి కుడతారు కాబట్టి అక్కడ గొడవ తక్కువ. బాధంతా మూతితోనే. సరుకు నింపేచోట ఊడిన టేపు కుట్టు మెషిన్ సూదికి చుట్టుకుందంటే, ఆ మాట మళ్లీ సంచి చేసినవాడి దగ్గరికే వస్తుంది.

పాలీప్రొపిలీన్ సుమారు 160–165 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అంతకంటే బాగా ఎక్కువ వేడిలో ఉన్న బ్లేడు గుడ్డను కోస్తూనే అంచు టేపులను కరిగించి అతికించేస్తుంది. లామినేషన్ లేని గుడ్డ, మడిచి కుట్టని మూతి అయితే వేడి బ్లేడే మేలు. ఇందులో నాకు సందేహం లేదు.

కానీ దానికో చిక్కుంది. మనం కోసేది ట్యూబు గుడ్డ, అంటే ఒకేసారి రెండు పొరలు. ఒక్కో పొర అంచు అతుక్కోవాలి, రెండు పొరలు మాత్రం ఒకదానికొకటి అంటుకోకూడదు. వేడి కాస్త ఎక్కువైనా, బ్లేడు కాస్త ఎక్కువసేపు ఆగినా మూతి మూసుకుపోతుంది. గసెట్, అంటే పక్కల లోపలికి మడత, ఉన్న సంచి అయితే ఇంకా కష్టం, మధ్యలో రెండు పొరలుంటే పక్కల నాలుగుంటాయి. పక్కలు తెగేంత వేడి పెడితే మధ్యలో అతుక్కుంటుంది, మధ్యకు సరిపెడితే పక్కల తెగదు. అందుకే వేడి బ్లేడు మెషిన్ కొంటే, కోసిన వెంటనే పై పొరనూ కింది పొరనూ సక్షన్ కప్పులతో పట్టి విడదీసే ఏర్పాటు ఉన్నదే కొనాలి. అది లేకపోతే మూతులు చేత్తో విప్పడానికే మనుషుల్ని పెట్టుకోవాల్సి వస్తుంది.

లామినేషన్ ఉన్న గుడ్డ సంగతి వేరు. పూత టేపులన్నిటినీ పట్టి ఉంచుతుంది కనుక మామూలు చల్లని బ్లేడుతో కోసినా అంచు నిలుస్తుంది. దానికి వేడి బ్లేడు వాడితే మేలు కన్నా కీడే ఎక్కువ. పూత కరిగి బ్లేడుకు అంటుతుంది, అంచున గట్టి పూసలు కడతాయి. పైన బి.ఓ.పి.పి. ఫిల్ము (బొమ్మలు ముద్రించే సాగదీసిన పాలీప్రొపిలీన్ పొర) ఉంటే వేడికి ముడుచుకుపోయి ముద్రణ అందం చెడుతుంది. లామినేషన్ లేకపోయినా మూతిని మడిచి కుట్టే సంచులకు కూడా చల్లని బ్లేడు చాలు, కోతకూ కుట్టుకూ మధ్య చేతులు మారడం తక్కువగా ఉంటే సరి. జిగ్‌జాగ్ బ్లేడు ఈ రెండింటి మధ్యన ఉంటుంది. మూతి తేలిగ్గా తెరుచుకుంటుంది, నేరు కోత కంటే టేపులు కాస్త తక్కువ ఊడతాయి. కాకపోతే ఆ పళ్లకు సాన పట్టడం అందరికీ చేతకాదు. సరైన సాన దగ్గర్లో దొరకకపోతే దాని జోలికి పోవద్దంటాను.

ఇక నిర్వహణ. రెండు మెషిన్లూ శ్రద్ధ కోరేవే, కోరే శ్రద్ధ వేరు.

వేడి బ్లేడుకు అసలు శత్రువు మసి. కరిగిన ప్లాస్టిక్ అంచుకు అంటి, మాడి, నల్లగా గట్టిపడుతుంది. ఆ పొర వేడిని గుడ్డకు అందనివ్వదు. కోత సరిగ్గా పడటం లేదని ఆపరేటర్ డిగ్రీలు పెంచుతాడు, వేడి పెరిగితే మసి ఇంకా పెరుగుతుంది. ఈ వలయం నేను చూసిన ప్రతి యూనిట్‌లోనూ ఉంది. కోత చెడితే ముందు బ్లేడు శుభ్రం చేయాలి, ఆ తర్వాతే డిగ్రీలు ముట్టుకోవాలి. శుభ్రానికి ఇత్తడి బ్రష్ వాడాలి, ఉక్కు బ్రష్ అంచును గీకేస్తుంది. శుభ్రం చేశాకా తేడా రాకపోతే బ్లేడు వేడిని కొలిచే థర్మోకపుల్ చూడాలి. అది కొంచెం వదులై బ్లేడుకు తగలకుండా ఉంటే తెర మీద ఒక అంకె, బ్లేడు దగ్గర ఇంకో వేడి.

బ్లేడు బిగించే పద్ధతి కూడా ముఖ్యమే. 800 మిల్లీమీటర్ల ఉక్కు బ్లేడు 250 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. రెండు చివరలా కదలకుండా బిగిస్తే అది విల్లులా వంగుతుంది. ఇక మధ్యలో తెగిన సంచి అంచున తెగదు. అందుకే ఒక చివర సాగడానికి చోటు వదలాలి, చివరి సర్దుబాటు బ్లేడు వేడిగా ఉన్నప్పుడే చేయాలి. మెషిన్ ఆగిన క్షణంలో బ్లేడు దానంతటదే గుడ్డకు దూరంగా లేస్తుందో లేదో కొనేముందే చూసుకోండి. లేవని మెషిన్ దగ్గర నిప్పు భయం ఉంటుంది. పొగను బయటికి లాగే ఫ్యాను కూడా తప్పనిసరి, ఆ పొగ పీల్చేది రోజంతా అక్కడ నిలబడే మనిషి.

చల్లని బ్లేడు గొడవ ఇంత లేదు. కదిలే బ్లేడుకూ కింది స్థిరమైన బ్లేడుకూ మధ్య సందు పొడవునా ఒకేలా ఉండాలి, పదును ఉండాలి. కోసిన అంచున తోకల్లా టేపులు వేలాడుతున్నాయంటే పదును పోయిందనో, సందు పెరిగిందనో అర్థం. టేపులో కాల్షియం కార్బొనేట్ ఎక్కువ కలిపితే బ్లేడు త్వరగా అరుగుతుంది. కోత విభాగం వాళ్లు ఈ సంగతి టేపు తయారుచేసే లైను వాళ్లకు చెప్పాలి, సాధారణంగా చెప్పరు. ఒక బ్లేడు మెషిన్‌లో ఉంటే ఇంకొకటి సాన పట్టి సిద్ధంగా పెట్టుకోవాలి.

సంచి పొడవు విషయంలో మాత్రం రెండింటికీ ఒకే నియమం. పాత క్లచ్-బ్రేక్ మెషిన్లలో బ్రేక్ లైనింగ్ అరిగేకొద్దీ గుడ్డ ఆగేచోటు జరుగుతూ ఉంటుంది. ఎంత తిరగాలో అంతే తిరిగి ఆగే సర్వో మోటారుతో ఆ బెడద తగ్గింది. కానీ సర్వో ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు, అది రోలరు ఎంత తిరిగిందో లెక్కిస్తుందే తప్ప గుడ్డ ఎంత వచ్చిందో చూడదు. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న రబ్బరు రోలరు అరిగి వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గిందనుకోండి. 940 మిల్లీమీటర్ల సంచి 9 మిల్లీమీటర్లకు పైగా పొట్టిదవుతుంది, తెర మీద మాత్రం 940 అనే ఉంటుంది. గుడ్డ ఎక్కువ బిగువులో వచ్చినా అంతే, కోశాక వెనక్కి తగ్గుతుంది. రోజూ కొలత టేపు పెట్టి సంచిని కొలిచే అలవాటే దీనికి మందు. ముద్రణ ఉన్న సంచులకైతే గుర్తును చదివే ఫోటో సెన్సార్ ఉండి తీరాలి. ఒక్కో సంచికి 1 మిల్లీమీటరు తప్పు పోగవుతూ పోతే వందో సంచికి బొమ్మ 100 మిల్లీమీటర్లు జరిగిపోతుంది.

కోయడం, కుట్టడం ఒకే లైనులో చేసే ఆటోమేటిక్ మెషిన్ కొనాలా? ఒకే సైజు రోజుల తరబడి నడిచే ఆర్డర్లుంటే తప్పకుండా కొనండి. షిఫ్టుకు రెండు మూడు సైజులు మారుతుంటే విడి కటింగ్ మెషిన్, విడి కుట్టు మెషిన్లే నయం. కలిపిన లైనులో దారం తెగినా కోత ఆగిపోతుంది. నిమిషానికి 40 కోసే మెషిన్ 480 నిమిషాల షిఫ్టులో 19,200 కోయాలి, రెండు గంటలు సైజు మార్పులకూ దారాలకూ పోతే మిగిలేవి 14,400. విడిగా ఉన్న మెషిన్ నిమిషానికి 32 కోస్తూ, గంట మాత్రమే ఆగితే 13,440. వేగంలో కనిపించిన తేడా చేతికొచ్చేసరికి ఎంతకు తగ్గిందో చూడండి.

కొనేముందు మీ రోల్స్ మీరే తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు తమ దగ్గరున్న మంచి గుడ్డ మీద చూపిస్తారు, అది చాలదు. మీరు నేసేవాటిలో అన్నిటికన్నా పల్చనిదీ, అన్నిటికన్నా మందమైనదీ రెండూ ఎక్కించమనండి. రోలు మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్ని సంచులు తీసి, కాసేపు ఆగి కొలవండి. మూతి అంచును గోటితో గీకండి, రెండు వేళ్లతో తెరిచి చూడండి. ఆ తర్వాత మెషిన్‌ను హఠాత్తుగా ఆపించి, మళ్లీ నడిపించి, ఆ మొదటి సంచిని కూడా కొలవండి.